హ్యారీ పోటర్‌ను మన ఊరి బడిలో చదివించే పద్ధతి

హ్యారీ పోటర్ పేరు వినని పిల్లవాడు ఇప్పుడు నల్లగొండ జిల్లా మారుమూల తండాలో కూడా అరుదు. టీవీలో సినిమా చూసి ఉంటాడు, లేదా ఆ కళ్లద్దాల బొమ్మ ఉన్న సంచి ఎవరి భుజానో చూసి ఉంటాడు. అయితే పుస్తకం చేతికిస్తే పది పుటలు దాటేవారు తక్కువ. దేవరకొండ వైపు ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతూ, శనివారం చివరి గంటలో ఈ కథలను పిల్లలతో కలిసి చదువుతూ వచ్చిన నాకు అర్థమైనది ఒకటే: మన పిల్లలు ఈ పుస్తకంలోకి ప్రవేశించడానికి వారి ఇళ్లలోనే తలుపులు ఉన్నాయి. చిలకలో ప్రాణం దాచుకున్న మాయల ఫకీరు ఒక తలుపు. దొర గడీ ముందు చేతులు కట్టుకుని నిలబడిన ముత్తాత ఒక తలుపు. వలస పోయిన అమ్మానాన్నల కోసం ఎదురుచూసే హాస్టల్ సాయంకాలం ఇంకొక తలుపు. ఏ తలుపు ఎప్పుడు తీయాలో, తీసిన తరువాత ఎక్కడ ఆగాలో ఉపాధ్యాయులకు, ఊరి గ్రంథాలయాలు నడిపే యువకులకు, ఇంట్లో చదివి వినిపించే తల్లిదండ్రులకు పనికివచ్చేలా రాయడం నా ఉద్దేశం.

ముందుగా చేసుకోవలసిన ఏర్పాట్లు

బ్రిటన్ రచయిత్రి జె.కె. రౌలింగ్ రాసిన, మంత్రవిద్య బడిలో చేరిన అనాథ బాలుడి ఈ కథ ఏడు పుస్తకాలు. మొదటిది 1997 జూన్ 26న బ్రిటన్‌లో వెలువడింది, చివరిది 2007 జూలై 21న. మొదటి పుస్తకాన్ని పన్నెండు ప్రచురణ సంస్థలు తిరస్కరించాయి. చివరకు అచ్చువేసిన బ్లూమ్స్‌బరీ సంస్థ గట్టి అట్టతో తొలిసారి వేసినవి 500 ప్రతులు మాత్రమే, అందులోనూ దాదాపు 300 గ్రంథాలయాలకు వెళ్లాయి. ఈ సంగతిని నేను మొదటి రోజే పిల్లలకు చెబుతాను, ఎందుకంటే ఇవాళ 80కి పైగా భాషల్లోకి వెళ్లి, 60 కోట్లకు మించి ప్రతులు అమ్ముడైన కథ మొదట గ్రంథాలయపు అరల మీదనే పాఠకులను వెతుక్కున్నదని తెలిస్తే, మా బడిలోని రెండు ఇనుప బీరువాల మీద వారికి కొంత గౌరవం కలుగుతుంది.

మొదటి పుస్తకం బ్రిటిష్ ముద్రణలో 223 పుటలు, ఐదోది 766 పుటలు. అందుచేత ఏడూ చదివిస్తామని ఎవరూ సంకల్పం చెప్పుకోవద్దు. ఆరు, ఏడు తరగతుల వారితో మొదటి పుస్తకాన్ని పూర్తిగా, రెండు, మూడు పుస్తకాలలోని ముఖ్య ఘట్టాలను చదవగలిగితే అది మంచి విద్యా సంవత్సరమే. నాలుగో పుస్తకం చివర ఒక విద్యార్థి హత్య జరుగుతుంది, అక్కడి నుంచి కథ చీకటిపడుతుంది కనుక దాన్ని తొమ్మిదో తరగతి వరకు ఆపడం మేలు.

భాష విషయంలో మొహమాటం అక్కరలేదు. తెలుగు అనువాదం ‘పరుసవేది’ అన్న పేరుతో వచ్చింది. ఇనుమును బంగారం చేసే రాయికి మనకు ఎంత పాతకాలపు మాట ఉన్నదో చెప్పడానికి ఆ పేరు ఒక్కటే ఒక పాఠం. అది దొరకకపోతే ఇంగ్లీషు ప్రతి ఒకటి దగ్గర పెట్టుకుని, ముందురోజు రాత్రి మీరు ఎనిమిది పది పుటలు చదివి, మరునాడు పిల్లల మాటలో కథగా చెప్పి, మధ్యలో ఒకటి రెండు పేరాలు మాత్రం ఇంగ్లీషులో గట్టిగా చదివి వినిపించండి. పేర్లను నల్లబల్ల మీద తెలుగు లిపిలో రాసి ఉంచాలి. హ్యారీ స్నేహితురాలు హెర్మయనీ పేరు పలకడానికి ఇంగ్లీషు పిల్లలే తడబడ్డారని, నాలుగో పుస్తకంలో ఆమె చేత రచయిత్రి ఆ పేరును విడమరచి పలికించారని చెబితే మన పిల్లల బెరుకు సగం పోతుంది.

మెట్ల కింది గది నుంచి మొదలుపెట్టండి

చాలామంది మంత్రదండంతో మొదలుపెడతారు. నా అనుభవంలో అది పొరపాటు, ఎందుకంటే మంత్రదండం సినిమాలో ఎలాగూ ఉంది. పుస్తకం ఆరంభంలోనే తల్లిదండ్రులు లేని పదేళ్ల పిల్లవాడు పెద్దమ్మ ఇంట్లో మెట్ల కింది అలమారలాంటి గదిలో పడుకుంటాడు. వాడికి వేసేవి వరుస అన్న డడ్లీ విడిచిన బట్టలు. వాడి పుట్టినరోజు ఎవరికీ పట్టదు. మొదటి రెండు అధ్యాయాలను తొందరపడకుండా రెండు వారాలు చదవండి.

పాలమూరు జిల్లాలో, మా దేవరకొండ ప్రాంతంలో, గుంపు మేస్త్రీ వెంట బొంబాయికో పుణెకో వెళ్లిన తల్లిదండ్రులు పిల్లలను అమ్మమ్మ దగ్గరో మేనమామ దగ్గరో వదిలి వెళ్లడం తరతరాలుగా ఉన్నది. మీ తరగతిలో అటువంటి పిల్లలు ఉంటారు. వారిని లేపి ‘నీ సంగతి చెప్పు’ అని ఎన్నడూ అడగవద్దు. ‘హ్యారీకి ఉత్తరం రాస్తే ఏమి రాస్తావు’ అని అడిగి కాగితం ఇస్తే చాలు. ఆ ఉత్తరాలను బయటికి చదవకూడదన్న నియమం పెట్టుకోండి. నేను చదివిన కొన్ని ఉత్తరాల తరువాత ఆ పిల్లలతో నా నడవడికే మారింది.

ఆ తరువాత హ్యారీ చేరే మంత్రవిద్య బడి హాగ్‌వార్ట్స్ వస్తుంది. ఇది ఇంగ్లండులో వందేళ్లకు పైగా సాగిన హాస్టల్ బడి కథల సంప్రదాయంలో పుట్టిన బడి: జట్ల మధ్య పోటీ, ఉమ్మడి భోజనశాల, పెద్ద తరగతుల పెత్తనం, రాత్రిపూట దొంగతనంగా తిరగడం అన్నీ ఆ సంప్రదాయంలోనివే. మన పిల్లలకు అర్థమయ్యే మాటలో అది గురుకులం. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్న 1971లో మొదటి గురుకుల పాఠశాల మొదలైనది అప్పటి నల్లగొండ జిల్లా సర్వేలులోనే అని చెప్పి, ఇంటి కంటె బడిలో ఎక్కువ సుఖపడిన పిల్లవాడి కథగా దీన్ని చదవమనండి. సెలవులకు ఇంటికి పోవడం ఇష్టం లేని హ్యారీని గురించి హాస్టల్ పిల్లలు చెప్పే మాటలు ఏ విమర్శకుడూ చెప్పలేడు.

చిలక ఎక్కడ ఉన్నది

కథ మొత్తానికి మూలమైన భావం మృత్యుభయం. హ్యారీ తల్లిదండ్రులను చంపిన దుష్ట మాంత్రికుడు వోల్డెమార్ట్ చావును తప్పించుకోవాలని హత్యలు చేసి, తన ఆత్మను ముక్కలు చేసి, దినచర్య పుస్తకంలో, ఉంగరంలో, లాకెట్టులో, గిన్నెలో, కిరీటంలో, చివరకు పాములో దాచుకుంటాడు. ఇటువంటి వస్తువుకు ఆ పుస్తకాలలో హార్‌క్రక్స్ అని పేరు. ఈ మాట ఆరో పుస్తకంలో గానీ రాదు, కాని దినచర్య పుస్తకం రెండోదానిలోనే వస్తుంది కనుక అక్కడే పునాది వేయవచ్చు.

పునాది మన దగ్గర సిద్ధంగా ఉంది. బుడగ జంగాలు తంబుర మీటుతూ చెప్పిన బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది. తల్లి మాటల్లో పెట్టి ఆ రహస్యం రాబడుతుంది, కొడుకు బాలవర్ధిరాజు వెళ్లి చిలకను పట్టి తెస్తాడు. ఊర్లో ఈ కథ చెప్పగల పెద్దమనిషి ఎవరైనా ఉంటే ఆ శనివారం వారినే పిలిపించండి, మీరు వెనుక బెంచీలో కూర్చోండి. కథ ముగిసిన తరువాత ‘చిలక ఎక్కడ ఉన్నది’ అని పైన రాసిన పెద్ద కాగితం గోడకు అంటించి, వోల్డెమార్ట్ వస్తువులు బయటపడిన కొద్దీ ఒక్కొక్క బొమ్మ గీయిస్తూ పోవాలి.

పోలిక చూపి ఊరుకుంటే పాఠం సగంలో ఆగినట్లు. తేడాలను పిల్లల చేత పట్టించాలి. మన కథలో ఫకీరు ఎక్కడి నుంచో వచ్చినవాడు. వోల్డెమార్ట్ అదే బడిలో చదువుకున్న అనాథ, టామ్ రిడిల్. హ్యారీకీ అతనికీ తల్లిదండ్రులు లేరు, ఇద్దరికీ హాగ్‌వార్ట్సే ఇల్లు. మరి ఇద్దరూ రెండు దారులు ఎందుకు పట్టారు? రెండో తేడా ఇంకా లోతైనది. బాలవర్ధిరాజు చిలకను చంపితే కథ ముగుస్తుంది. ఇక్కడ ఒక ముక్క హ్యారీ లోపలనే ఉన్నది, కనుక శత్రువు అంతం కావాలంటే తాను చావుకు ఎదురు నడవాలి. తొమ్మిదో తరగతి పిల్లలకు ఈ మలుపు చెప్పిన రోజున మా గదిలో గంట కొట్టినా ఎవరూ లేవలేదు. చిలకను వెతికేవాడే చిలక అయితే ఏమి చేయాలి అన్న ప్రశ్నను వారం రోజులు అలాగే వదిలేయండి, జవాబు మీరు చెప్పవద్దు.

డాబీ మాటలో ‘నీ బాంచెన్’

రెండో పుస్తకంలో డాబీ అనే ఇంటి ఎల్ఫ్, అంటే ఇంటి చాకిరీ చేసే పొట్టి మాయాప్రాణి, వస్తాడు. యజమాని ఇంట్లో తరతరాలుగా జీతం లేకుండా చాకిరీ చేస్తాడు, దిండు గలీబు చుట్టుకుని తిరుగుతాడు, యజమాని మాట దాటితే తనను తానే దండించుకుంటాడు. తనను ‘నేను’ అనుకోడు, ‘డాబీ’ అనే అంటాడు. ఈ మాటతీరును తెలుగులో ఎలా చెప్పాలని చాలా ఆలోచించి, ఒకసారి ‘నీ బాంచెన్ దొరా’ అని పలికాను. బాంచ అంటే బానిస. మాట్లాడే మనిషి తన పేరునే బానిసగా చెప్పుకునే పలుకుబడి అది. గదిలో నవ్వు వస్తుందేమో అనుకున్నాను, రాలేదు. ఒక అబ్బాయి మాత్రం మా తాత గట్లనే అంటుండె సార్ అన్నాడు.

నల్లగొండ జిల్లాలో వెట్టిచాకిరీ గురించి ఇంతకంటె దగ్గరి ప్రవేశం దొరకదు. దేశ్‌ముఖుల గడీలలో చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ కుటుంబాలు కూలి లేకుండా పని చేయవలసి రావడం, 1946 నుంచి 1951 వరకు సాగిన తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటానికి వెట్టి ఒక ముఖ్య కారణం కావడం సాంఘిక శాస్త్ర పాఠంలో ఉన్నవే. కాని పాఠంలో చదివినప్పుడు కదలని మనసు డాబీకి ఒక మేజోడు దొరికి విముక్తి కలిగినప్పుడు కదులుతుంది. యజమాని బట్ట ఇస్తేనే విడుదల అన్నది వారి నియమం. హ్యారీ తన మేజోడును ఉపాయంగా యజమాని చేతిలోకి పంపి, అతను విసిరేసినప్పుడు డాబీ పట్టుకునేలా చేస్తాడు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. మొదటిది, నాలుగో పుస్తకంలో హెర్మయనీ ఎల్ఫుల హక్కుల కోసం సంఘం పెడితే ఎల్ఫులే ఆమెను తప్పించుకు తిరుగుతారు, పనిలోంచి తీసేసిన వింకీ ఏడుస్తుంది, మిగతా పిల్లలు నవ్వుతారు. బానిసత్వం వారికి ఇష్టమే అన్న అర్థం పిల్లలు తీసుకునే ప్రమాదం ఉంది. నా అభిప్రాయంలో రచయిత్రి ఈ చిక్కును పూర్తిగా విప్పలేదు, ఆ మాట పిల్లలకు చెప్పడంలో తప్పు లేదు. ‘వేరే బతుకు ఎన్నడూ చూడనివాడు ఇది నాకు ఇష్టమే అంటే ఆ ఇష్టం ఎంతవరకు నమ్మాలి’ అని అడిగి, ఊర్లోని పెద్దలను కలిసి గడీ కాలం సంగతులు రాసుకుని రమ్మనండి. రెండో జాగ్రత్త, ఎవరి ఇంటివారు వెట్టి చేశారు, ఎవరి ఇంటివారు చేయించుకున్నారు అన్నది తరగతిలో లెక్క తీయకూడదు. రెండు వైపుల మనుమలూ ఒకే బల్ల మీద కూర్చుని ఉంటారు.

డాబీ మరణం ఏడో పుస్తకంలో వస్తుంది. హ్యారీ మంత్రం వాడకుండా తన చేతులతో గొయ్యి తవ్వుతాడు, స్వేచ్ఛ పొందినవాడని రాతి మీద రాస్తాడు. ఈ పుట మాత్రం వివరణ లేకుండా చదివి ఆపండి.

నెత్తురు, టోపీ

పుట్టుక మీద మనిషి విలువ కట్టే మాటలు ఈ పుస్తకాలలో అడుగడుగునా ఉన్నాయి. మంత్రం తెలియని సామాన్యులు మగుల్‌లు. వారి ఇంట్లో పుట్టినా తరగతిలో అందరికంటె బాగా చదివే హెర్మయనీని నెత్తురు మలినమైనదన్న అర్థం వచ్చే తిట్టుతో తోటి విద్యార్థి మాల్ఫాయ్ అవమానిస్తాడు. శుద్ధమైన నెత్తురు కోసం యుద్ధం చేసే వోల్డెమార్ట్ తండ్రే మగుల్. ఈ ఒక్క వైరుధ్యాన్ని పిల్లలు తామే కనిపెట్టే వరకు ఆగండి. కులం అన్న మాట మీరు ముందుగా ఎత్తనక్కరలేదు, వారే ఎత్తుతారు. ఎత్తినప్పుడు మాట మార్చవద్దు.

ఇటలీలో ఐదో తరగతి పిల్లలతో చేసి 2014లో ప్రచురించిన ఒక పరిశోధనలో, పక్షపాతానికి సంబంధించిన ఘట్టాలను చదివి చర్చించిన పిల్లలలో హ్యారీతో తాదాత్మ్యం చెందినవారికి వలస వచ్చినవారి పట్ల సద్భావం పెరిగిందని తేలింది. ఆ ఘట్టాలను చిన్న జట్లుగా కూర్చుని మాట్లాడుకున్నారన్నది గమనించదగినది. పుస్తకం ఇచ్చి పంపేస్తే అదే ఫలితం వస్తుందని నేను అనుకోను.

హాగ్‌వార్ట్స్‌లో కొత్త పిల్లలను ఒక మాయ టోపీ నాలుగు జట్లుగా విడగొడుతుంది; ఆ టోపీ ఆట అందరికీ ఇష్టం. నేను మొదటి ఏడు ఆ ఆట ఆడించాను, చీటీలు తీయించాను. వోల్డెమార్ట్ చదివిన స్లిథరిన్ జట్టు వచ్చిన ఒక అమ్మాయి తాను చెడ్డదాన్ననుకుని రెండు రోజులు బడికి రాలేదు. పదకొండేళ్ల పిల్లకు ముద్ర వేయడం ఎంత సులభమో ఆనాడు నాకు తెలిసింది. తప్పు నాది, ఎందుకంటే పుస్తకంలోనే టోపీ హ్యారీని స్లిథరిన్‌కు పంపాలని తలచడం, అతను వద్దని కోరుకోవడం ఉన్నది, దాన్ని నేను ముందుగా చదివించలేదు. ఆట ఆడించాలనుకుంటే, పిల్లలే జట్టును ఎంచుకుని, నెలనెలా మార్చుకునే వీలు కల్పించండి.

మంత్రం గురించి ఊరు అడిగే ప్రశ్న

ఇది అన్నిటికంటె ముఖ్యమైన భాగం, బయటి ఊళ్ల మార్గదర్శకాలలో దొరకనిది. మన జిల్లాలలో మంత్రం అనే మాట కథల పుస్తకంలో మాత్రమే లేదు. చేతబడి, బాణామతి చేశారన్న అనుమానంతో మనుషులను కొట్టిన, చంపిన ఘటనలు తెలంగాణలో జరిగాయి. అందులో బలైనవారు ఎక్కువగా పేదలు, ముసలివారు, ఒంటరి ఆడవారు. మంత్రాల పుస్తకం పిల్లలకు ఎందుకు చదివిస్తున్నారని ఏ తల్లి అయినా వచ్చి అడిగితే ఆమె భయాన్ని తేలికగా తీసుకోవద్దు. కూర్చోబెట్టి ఒక అధ్యాయం చదివి వినిపించండి. పుస్తకంలోని మంత్రాలు చాలావరకు లాటిన్ మాటల నుంచి కల్పించినవి, వెలుగు అన్న మాట నుంచి వెలుగు మంత్రం పుట్టినట్లు, అవి పలికితే ఇక్కడ ఏమీ జరగదు అని చెప్పండి. మా బడిలో ఇద్దరు తల్లులు అలా విని, తరువాతి శనివారం తామే వచ్చి కూర్చున్నారు.

పిల్లలతో మూడో పుస్తకం మొదటి అధ్యాయం చదవాలి. అక్కడ హ్యారీ సెలవుల్లో దుప్పటి కింద టార్చిలైటు పెట్టుకుని, పద్నాలుగో శతాబ్దంలో మంత్రగత్తెలను కాల్చడం ఎందుకు నిష్ఫలమో వ్యాసం రాస్తుంటాడు. నిజమైన మంత్రగత్తెలకు మంట చక్కిలిగింతలాగే ఉండేదని అక్కడ హాస్యంగా ఉంటుంది. చదివి పిల్లలు నవ్విన తరువాత పుస్తకం మూసి, నిజంగా జరిగినది చెప్పండి: ఐరోపాలో మంత్రగత్తెలన్న నెపంతో ఉరితీసిన, కాల్చిన మనుషుల సంఖ్య 40,000 నుంచి 60,000 వరకు ఉంటుందని చరిత్రకారుల అంచనా, వారిలో అధికులు స్త్రీలు. వారిలో ఎవరికీ మంత్రాలు రావు, కనుక మంట వారిని కాల్చింది. అక్కడి నుంచి మన ఊరికి రావడానికి మీరు ఏమీ చేయనక్కరలేదు. జ్వరం వస్తే, బర్రె చస్తే, పంట ఎండితే ఎవరో ఏదో చేశారని చెప్పుకునే మాటలు పిల్లలే చెబుతారు. ఒక్కొక్కదానికీ కారణం ఏమై ఉండవచ్చో ఆ పూట సైన్సు ఉపాధ్యాయుల్ని కూడా కూర్చోబెట్టుకుని వెతకండి.

ఆ వారమే వీలైతే పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి తీసుకువెళ్లండి. గర్భగుడిలో లింగం వెనుక పగలంతా కదలకుండా నిలిచే నీడను చూసి పిల్లలు నోరు తెరుస్తారు. అది స్తంభాల అమరిక, వెలుతురు వచ్చే దారులు కలిసి చేసిన పని. ఒక అట్టపెట్టె, నాలుగు కొవ్వొత్తులు, కొన్ని పెన్సిళ్లతో బడిలో దాని నమూనా కట్టించి చూడవచ్చు. కారణం తెలిసిన తరువాత కూడా ఆశ్చర్యం తగ్గకపోవడం పిల్లలు స్వయంగా అనుభవిస్తారు.

బయటి లోకం మీద పడిన ముద్ర

ఈ కథల ప్రభావం గురించి పెద్ద తరగతుల వారికి ఒక గంట చాలు. 2000లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక పిల్లల పుస్తకాలకు వేరే అమ్మకాల జాబితా పెట్టింది, ఎందుకంటే పెద్దల జాబితాలో ఈ పుస్తకాలు కదలకుండా కూర్చున్నాయి. 2003లో మగుల్ అన్న మాట ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ నిఘంటువులో చేరింది. చీపుర్ల మీద ఎగురుతూ ఆడే ఆటను 2005లో అమెరికాలోని మిడిల్‌బరీ కళాశాల విద్యార్థులు నేల మీద ఆడారు, ఇప్పుడు దాని పేరు క్వాడ్‌బాల్. మరోవైపు, 2000–2009 దశాబ్దంలో అమెరికా గ్రంథాలయాలలో అత్యధిక అభ్యంతరాలు ఎదుర్కొన్న పుస్తకాలు కూడా ఇవే. పార్వతి, పద్మ పాటిల్ అనే భారతీయ కవలలు కథలో ఉన్నారని తెలిసి మా ఆడపిల్లలు సంబరపడ్డారు, వారికి దక్కిన చోటు ఎంత చిన్నదో చూసి నొచ్చుకున్నారు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల గురించి రచయిత్రి 2020 నుంచి ప్రకటించిన అభిప్రాయాలతో ఆ సినిమాల ప్రధాన నటులే బహిరంగంగా విభేదించారు; పిల్లలు ఫోన్‌లో చూసి అడిగితే దాచకుండా చెప్పండి.

మనకు నేరుగా తగిలే ప్రభావం గుడ్లగూబలది. హ్యారీకి ఉత్తరాలు మోసే హెడ్విగ్ ధ్రువ ప్రాంతపు తెల్ల గుడ్లగూబ. ఆ మోజుతో గుడ్లగూబలను పెంచుకోవాలన్న కోరిక మన దేశంలో పెరుగుతున్నదని 2010లో అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ ఆందోళన వ్యక్తం చేశారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వాటిని పట్టడం, అమ్మడం నేరం. మన ఊళ్లలో భయం ఇంకొక రకం: ఇంటి మీద గుడ్లగూబ కూస్తే చావు వస్తుందని రాళ్లు విసురుతారు. వరి మడిలో ఎలుకలు పట్టే పక్షి అది. హెడ్విగ్ మీద ప్రేమ కలిగిన పిల్లవాడిని మర్రిచెట్టు తొర్ర దగ్గరికి సందెవేళ తీసుకువెళ్లి, గుడ్లగూబ కక్కగా కింద పడిన ఉండలను విప్పి ఎలుకల ఎముకలు లెక్కపెట్టించండి. మరునాడు అతను ఇంట్లో ఏమి చెబుతాడో చూడండి.

భయం గురించి ఒక మాట. మనిషిలోని సంతోషాన్నంతా పీల్చే డిమెంటర్‌లను రచయిత్రి తన కుంగుబాటు అనుభవం నుంచి సృష్టించారు. ఆ అధ్యాయం తరువాత ఏ పిల్లవాడైనా అలాగే ఉంటున్నదని చెబితే దాన్ని కథగా వదిలేయకుండా, ఇంటివారితో, అవసరమైతే వైద్యులతో మాట్లాడాలి. అంతకుముందు చెప్పవలసిన బోగార్ట్ పాఠం తేలిక: అవతలివాడి భయం ఏదో ఆ రూపం ధరించే ప్రాణి అది, దాన్ని నవ్వు పుట్టించే రూపానికి మార్చడమే మంత్రం. ప్రతి పిల్లా తన భయాన్ని గీసి, దానికి మీసాలో గజ్జెలో తగిలించవచ్చు. మా గోడ మీద పరీక్ష పేపరు బోనాల పోతరాజులాగా గంతులు వేస్తున్నది.

మొదటి పుస్తకం ముగిసిన రోజున రెండోది కావాలని వచ్చేవారు ముగ్గురో నలుగురో ఉంటారు. రిజిస్టరులో పేరు రాసుకుని, పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేసి, పదిహేను రోజుల గడువుతో పుస్తకం ఇంటికి ఇవ్వండి. మిగిలినవారికి మరుసటి శనివారం రెండో పుస్తకంలోని డాబీ దగ్గర నుంచి చదవడం మొదలుపెట్టండి.